గుర్తింపు హుండీ

“ప్రియమైన ఉప్పుగూడ ప్రజలారా! ఇంటికి తాళం వేస్తున్నారు, బండికి తాళం వేస్తున్నారు, మరి మీ గుర్తింపుకు తాళం వేశారా? ఇంటర్నెట్‌లో వస్తువులు కొనేటప్పుడు మీ పేరు, మీ చిరునామా, మీ పుట్టినతేదీ దొంగల పాలవుతున్నాయి! వాటిని కాపాడేందుకు మన ప్రియతమ యువనేత, యువకిశోరం, యువజన విభాగం అధ్యక్షులు బాలనర్సింహన్న నడుం బిగించారు!”

మైకు కట్టిన ఆటో మా గల్లీలోకి వచ్చేసరికి నేను గడ్డం గీసుకుంటున్నాను. నడుం బిగించారన్న ముక్క చెవిన పడగానే నా మనసు కరిగిపోయింది. ఆ బిగించడానికి వచ్చిన బెల్టును నేను కళ్లారా చూసినవాణ్ణి.

మొదటినుంచీ చెప్పడం న్యాయం. నా పేరు రాధాకృష్ణమూర్తి. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, ఉప్పుగూడలో అద్దెకుంటున్న సర్కారు సీనియర్ అసిస్టెంటును. నేను చెబుతున్నది రెండువేల ఎనిమిది నాటి మాట. ఆ రోజుల్లో సంతకం పెట్టగలిగిన ప్రతివాడికీ పిలిచి మరీ క్రెడిట్ కార్డు ఇచ్చేవారు. నాకూ ఒకటి ఇచ్చారు. ఇక గడప దాటకుండా కావలసినవన్నీ కొనుక్కోవచ్చన్నారు. అందుకోసం మేమంతా గడప దాటి, స్టేషన్ రోడ్డు దాకా నడిచి, ఓదెలు నెట్ సెంటర్‌లో వరసలో కూర్చునేవాళ్లం.

బాలనర్సింహగారికి ఆ ఏడు ఒకే ఒక ఆశయం ఉండేది. రాబోయే మున్సిపల్ ఎన్నికల్లో యువజన కోటా కింద కార్పొరేటర్ టికెట్. పార్టీ నిబంధన ప్రకారం దానికి ముప్పై అయిదేళ్లు దాటకూడదు. వారికి ఆ ఇబ్బందే లేదు. గత మూడేళ్లుగా ప్రతి ఆగస్టు పదిహేనుకూ మా గల్లీ మొదట్లో ‘ముప్పై మూడవ జన్మదిన శుభాకాంక్షలు’ అనే ఫ్లెక్సీ కడుతున్నారు. అది ఒకే ఫ్లెక్సీ. పండగ కాగానే చుట్టి అటక మీద పెట్టి, మరుసటి ఏడు దులిపి కట్టేవారు. ప్రజాధనమే కాదు, సొంత ధనం కూడా వృథా కాకూడదన్నది వారి సిద్ధాంతం.

ఇక ఆ బెల్టు సంగతి. మా గల్లీలోకి మంచినీళ్ల ట్యాంకరు రావాలంటే వారి చీటీ కావాలి. దానికోసం ఓ ఆదివారం వారి ఆఫీసులో కూర్చున్నాను. అదే రోజు పార్టీ రాష్ట్ర కార్యాలయం నుంచి పరిశీలకులు బాబురావుగారు, టికెట్ అడుగుతున్న యువకులు ఎంత యువకులో చూడ్డానికి వచ్చారు. వారు టీ తాగుతుండగా కొరియర్‌లో ఒక పెద్ద అట్టపెట్టె దిగింది.

ఆ ఆఫీసుకు ఏ పెట్టె వచ్చినా అది అభిమానులు పంపిన కానుకేనని లెక్క. దాన్ని పదిమంది ముందూ విప్పడం, లోకల్ కేబుల్ టీవీవాళ్లు వీడియో తీయడం అక్కడి ఆనవాయితీ. నెట్ సెంటర్ యజమానీ, అన్నగారి కుడిభుజమూ అయిన ఓదెలు కత్తెర పట్టుకుని ముందుకొచ్చాడు.

“అన్నా, ఎవరో మస్తు పెద్ద గిఫ్ట్ పంపిండ్రు! కెమెరా ఇటు తిప్పు భాయ్!”

కెమెరా తిరిగింది. ఓదెలు ఒక్కొక్కటే పైకెత్తి చూపించాడు. జుట్టుకు వేసుకునే నల్లరంగు డబ్బాలు. నడుంనొప్పి బెల్టు ఒకటి. మోకాళ్ల పట్టీలు ఒక జత. మూడో వస్తువు దగ్గర ఓదెలుకు అనుమానం వచ్చింది కానీ, చెయ్యి అలవాటు కొద్దీ పైకే లేచింది.

బాబురావుగారు కళ్లజోడు పెట్టుకుని బిల్లు చూశారు. “పేరు మీదే. చిరునామా ఇదే. కార్డు కూడా మీదేనంటున్నాడే?”

“నాది కాదు సార్!” అన్నారు బాలనర్సింహగారు ఒక్కసారిగా. “నాకు మోకాళ్లెందుకు నొస్తయి? ముప్పై మూడేండ్లోణ్ణి!”

ఆవేశంలో కుర్చీలోంచి లేచారు. లేస్తూ ‘అబ్బా’ అనబోయి ‘జై’ అన్నారు. మేమందరం జై అన్నాం.

“మరి ఎవరు కొన్నట్టు?”

ఓదెలు చదువుకున్నవాడు. వెంటనే అందుకున్నాడు. “సార్, దీన్ని ఇంగ్లీషుల ఐడెంటిటీ తెఫ్ట్ అంటరు. అన్న పేరు, అన్న నంబరు ఎవడో కొట్టేసి ఆన్‌లైన్ల షాపింగ్ జేసిండు. అమెరికల గిట్ల మస్తు అయితయి సార్.”

“అమెరికాలో అయ్యేది మన ఉప్పుగూడలో అయిందా?” బాబురావుగారి ముఖంలో గౌరవం కనిపించింది.

ఆ దొంగ ఎంతటి కసాయివాడంటే, మోకాళ్ల పట్టీల కొలత కూడా అచ్చంగా అన్నగారిదే ఇచ్చాడు. సాక్ష్యం పాడవకూడదని ఆ వస్తువులన్నిటినీ అన్నగారు తమ పడకగదిలో భద్రపరచుకున్నారు.

తనకు జరిగిన అన్యాయం మరొకరికి జరగకూడదనుకునేవాడే నాయకుడు. వారం తిరక్కుండానే ‘గుర్తింపు పరిరక్షణ పక్షోత్సవాలు’ ప్రకటించారు. ఆటో మైకులో నేను విన్నది ఆ ప్రకటనే. స్టేషన్ రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ లేచింది. తెలియని వెబ్‌సైటుకు కార్డు నంబరు ఇవ్వరాదు. పుట్టినతేదీని పాస్‌వర్డుగా పెట్టుకోరాదు. నెట్ సెంటర్లలో కూర్చుని కొనరాదు, ఓదెలు నెట్ సెంటర్ మినహా. పాస్‌వర్డు కట్టుకున్న భార్యకు కూడా చెప్పరాదు.

ఎంత చక్కటి సూత్రాలో చూడండి. అయితే మనిషన్నాక నోరు జారతాడు. ఆ బలహీనత తెలిసిన నాయకుడు కాబట్టి దానికీ మార్గం చూపించారు. ఎవరి పాస్‌వర్డు వాళ్ల దగ్గర ఉంటేనే కదా నోరు జారేది? అందుకని కార్డు నంబరు, వెనకాల ఉండే అంకెలు, పాస్‌వర్డు, తల్లి పేరు చీటీ మీద రాసి, పార్టీ ఆఫీసులో పెట్టిన గుర్తింపు హుండీలో వేసి నిశ్చింతగా ఉండవచ్చు.

హుండీని ధూల్‌పేటలో ప్రత్యేకంగా చేయించారు. వినాయకులు చేసే చేతులకు వేరే రూపం పట్టుబడలేదు కాబోలు, హుండీకి చక్కటి బొజ్జ వచ్చింది. చీటీ వేసే కన్నం బొడ్డు దగ్గర పెట్టారు. ఎర్రగుడ్డ కట్టి, కొబ్బరికాయ కొట్టి, తాళం వేసి, తాళంచెవి ఓదెలు చొక్కా జేబులో వేశారు.

జనం బారులు తీరారు. హుండీకి బొజ్జ ఉండేసరికి చెప్పులు విప్పి మరీ వచ్చారు. కార్డులు లేనివాళ్లు కూడా వచ్చారు. లైన్ ఉందంటే చివర ఏదో ఒకటి పంచుతారని మావాళ్ల నమ్మకం. నేనూ చీటీ రాసుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ రాజరాజేశ్వరి గుమ్మానికి అడ్డం నిలబడింది.

“పాస్‌వర్డు ఎవరికీ చెప్పొద్దని చెప్పడానికి, పాస్‌వర్డు రాసిమ్మంటున్నారా?”

“పార్టీ కాపాడుతుందోయ్.”

“కంచే చేను మేస్తే?”

“నీకు అన్నిటా అనుమానమే. ట్యాంకరు చీటీ ఇంకా రాలేదు. హుండీలో వెయ్యనివాళ్లకు చీటీలు ఇవ్వరట.”

“అలా చెప్పండి,” అని పక్కకు జరిగింది.

లైన్‌లో నా వెనక పాలక్యాను చంకన పెట్టుకుని కొమురమ్మ నిలబడి ఉంది. మేము అద్దెకున్న ఇంటి వెనక రెండు బర్రెలతో ఉంటుంది. మా గల్లీ మొత్తానికీ పాలు పోసేది ఆవిడే. లీటరు మీద కొసరు పోయనిదే ఆవిడ చెయ్యి ఆగదు. బాలనర్సింహగారి కన్నతల్లి. అన్నగారు మెయిన్‌రోడ్డు మీద అద్దాల మేడ కట్టుకున్నప్పుడు రమ్మనే అన్నారట. బర్రెలకు మెట్లు ఎక్కడం రాదని ఆవిడే వెళ్లలేదు.

“ఏమేస్తుండ్రు సారూ అండ్ల?” అని అడిగింది.

“రహస్యాలు, కొమురమ్మా.”

“నాకేం రహస్యాలున్నయి బిడ్డా? ఉన్న రెండు బర్రెలు అందరికి కనవడనే వట్టె.”

అయినా వచ్చిన లైన్ వదల్లేదు. కొంగున కట్టిన రూపాయి బిళ్ల విప్పి హుండీలో వేసి, బొజ్జకు దండం పెట్టింది. “నా కొడుకు సల్లగుండాలె. వానికి గా టికెట్టు రావాలె,” అని కళ్లు మూసుకుంది. ఉప్పుగూడలో అంత పవిత్రంగా హుండీని వాడుకున్న మనిషి ఆవిడ ఒక్కతే.

హుండీ నిండింది. తరువాత కొద్దిరోజులకే విచిత్రాలు మొదలయ్యాయి. చుడీదార్లు కుట్టే విమలాదేవిగారి కార్డు మీద ఎవరో ఏసీ కొన్నారు. నా కార్డు మీద ఒక గిటార్ కొన్నారు.

“మీకు గిటార్ వాయించడం వచ్చని పెళ్లిచూపుల్లో చెప్పలేదే!” అంది మా ఆవిడ బిల్లు చూసి.

నేను ఆఫీసుకు పరుగెత్తాను. లోపల చల్లగా ఏసీ నడుస్తోంది. మూల సోఫా మీద ఒక యువకుడు కొత్త గిటార్‌తో పార్టీ పాట సాధన చేస్తున్నాడు. నా గోడు విని బాలనర్సింహగారి కళ్లు చెమర్చాయి.

“చూసినవా మూర్తిగారూ? నేను ముందుగాలనే చెప్పిన్నా లేదా? దొంగలు మోపైండ్రని! గిప్పుడన్న జనానికి సమజైతది, గీ ఉద్యమం ఎంత జరూరో!”

“మరి నా కార్డు...”

“ఫికర్ జెయ్యకు. నీ వివరాలన్ని మా తాన పైలంగున్నయి.”

ఓదెలు తన చొక్కా జేబు తట్టి చూపించాడు. అలా తడుతుంటే తాళంచెవి గలగలమంది. నాకు ఎందుకో ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. ట్యాంకరు చీటీ తీసుకుని వచ్చేశాను.

పక్షోత్సవాల ముగింపు సభ రైల్వేస్టేషన్ పక్క మైదానంలో పెట్టారు. వేదిక మీద మధ్యలో బాబురావుగారు, పక్కన బొజ్జహుండీ, దానికి కాపలాగా ఓదెలు. టికెట్ ఎవరికో ఆ సాయంత్రం వేదిక మీదనే చెబుతారని ఊరంతా అనుకుంటోంది. నేనూ, మా ఆవిడా నాలుగో వరసలో కూర్చున్నాం. ఆడవాళ్ల వైపు చివర, పాలక్యాను కాళ్ల మధ్య పెట్టుకుని కొమురమ్మ కూర్చుంది.

బాలనర్సింహగారి ప్రసంగం రాళ్లను కరిగించేలా సాగింది. “నా పేరు దొంగిలించొచ్చు. నా నంబరు దొంగిలించొచ్చు. కని నా తల్లిని ఎవడు దొంగిలిస్తడు? నా తల్లే నా పాస్‌వర్డు!” అన్నారు గద్గదంగా. జనం ఈలలు వేశారు. కొమురమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆవిడ అక్కడుందని వేదిక మీదివారికి తెలియదు.

ఆ తరువాత అసలు ఘట్టం. దొంగల చేతికి చిక్కిన కార్డును బ్యాంకుకు ఫోన్ చేసి ఎలా ఆపించాలో, ప్రజలందరి ముందూ స్వయంగా చేసి చూపిస్తారట. ఇలాంటి బోధన దేశంలో ఏ నాయకుడూ చెయ్యలేదని ఓదెలు ప్రకటించాడు. సెల్‌ఫోన్‌ను స్పీకర్లో పెట్టి మైకు ముందు పట్టుకున్నాడు.

“నమస్కారం. నా పేరు మైథిలి. మీకు ఏ విధంగా సహాయపడగలను?” అంది ఉప్పుగూడ ఆకాశం. అందరూ చప్పట్లు కొట్టారు.

“అమ్మా, నేను ఉప్పుగూడ బాలనర్సింహ మాట్లాడుతున్న. నా కార్డు బంద్ జెయ్యాలె.”

“తప్పకుండా సార్. మీ భద్రత కోసం ఒకటి రెండు ప్రశ్నలు. తల్లిగారి పేరు?”

“కొమురమ్మ!” అన్నారు రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి. మళ్లీ ఈలలు.

“ధన్యవాదాలు సార్. మీ పుట్టినతేదీ?”

“పదిహేను ఆగస్టు, డెబ్బై నాలుగు.”

“క్షమించండి సార్. సరిపోవడం లేదు.”

అన్నగారు నవ్వారు. “మంచిగ చూడు బిడ్డా. ఫ్లెక్సీ మీద గూడ గదే ఉన్నది.”

“మా దగ్గర ఫ్లెక్సీ లేదు సార్. మా రికార్డులో వేరే తేదీ ఉంది. ఇంకొక్కసారి ప్రయత్నించండి. ఈసారి కూడా తప్పయితే మీరు మీరు కాదని భావించవలసి వస్తుంది.”

అన్నగారి చెంపమీదుగా ఒక చెమటచుక్క జారింది. అది నల్లగా ఉంది. ఓదెలు గభాలున కండువాతో అద్దేశాడు. కండువాకు మరకపడింది. బాబురావుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

కన్నకొడుకు పదిమందిలో జవాబు చెప్పలేక నిలబడితే ఏ తల్లి ఊరుకుంటుంది? కొమురమ్మ లేచింది.

“ఓ పిల్లా! వాడు యాది మరిసిండు. నేను జెప్త, రాస్కో!” బర్రెలను కేకేసి కేకేసి పెరిగిన గొంతు. మైకు అక్కర్లేదు. “జై తెలంగాణ లొల్లి అయినప్పుడు వీడు మూడో తరగతి. ఏడాదంత బడులు బందు వెడితే నాతోని బర్రెలెంబడి తిరిగిండు. బడిల ఏసేటప్పుడు పంతులు తారీఖు అడిగితే నాకేమెర్క? ‘ఒకటో తారీఖు, జులై రాస్త తియ్’ అన్నడు. గదే చూడు నీ కాడ!”

ఆకాశం కాసేపు ఆలోచించింది. “జూలై ఒకటి... ఉందమ్మా. సంవత్సరం చెబుతారా?”

“అది నాకెట్ల ఎర్క బిడ్డా? సదువుకున్నదానివి, నువ్వే లెక్కగట్టు.”

“అరవై అవుతుందమ్మా. సరిపోయింది. ధన్యవాదాలు.”

నియమాల ప్రకారం అది బ్యాంకువాళ్లు పైకి చెప్పకూడని ముక్క. కానీ కొమురమ్మ అడిగితే ఎవరైనా చెబుతారు. మైదానంలో ఉన్న జనమంతా వేళ్లు ముడవడం మొదలుపెట్టారు. అరవై నుంచి డెబ్బై, ఎనభై, తొంభై. బాబురావుగారు కూడా బల్ల కింద ముడుస్తున్నట్టు భుజాల కదలిక చెబుతోంది. లెక్క నలభై ఏడు దగ్గర ఆగింది.

“కార్డు ఆపే ముందు ఒక్క ప్రశ్న సార్,” అంది మైథిలి ఉత్సాహంగా. “నడుం బెల్టు, మోకాళ్ల పట్టీలు. జుట్టురంగు అయితే ఏడాదిగా నెలనెలా వస్తోంది. ఇవి మీరు కొన్నవేనా?”

పాఠకులారా, చరిత్రలో కొన్ని క్షణాలుంటాయి. అవునంటే అన్నగారికి నలభై ఏడు, టికెట్ లేదు. కాదంటే ఆ నలభై ఏడేళ్లవాడెవడో చెప్పాలి. వారు ఒకసారి బాబురావుగారి వైపు చూశారు. ఒకసారి జనంలోకి చూశారు. తరువాత మైకు దగ్గరకు జరిగారు.

“కాదు. నేను కొనలే. నాది డెబ్బై నాలుగు. గా అరవైల పుట్టిన బాలనర్సింహ వేరేటోడు. వాడే దొంగ! నా పేరు వెట్టుకున్నడు, నా అడ్రస్ వెట్టుకున్నడు, నన్ను బద్నాం జేస్తున్నడు. ఇయ్యాల దొరికిండు!”

బాబురావుగారు ఇంత పొడుగు నిట్టూర్చారు. అయినా వృత్తిధర్మం కొద్దీ అడిగారు. “మరి ఆ ముసలావిడ ఎవరు?”

కొమురమ్మ ఇంకా నిలబడే ఉంది. కొడుక్కి సాయపడిన సంతోషం ముఖం మీద అలాగే ఉంది.

“దొంగోని తల్లి, సార్,” అన్నారు బాలనర్సింహగారు.

ఆ మైదానంలో ఆవిడ చేతి పాలు తాగనివాడు లేడు. ఆవిడ ఎవరి తల్లో తెలియనివాడు లేడు. ఎవరో ఒకరు లేచి చెబుతారనుకున్నాను. విమలాదేవిగారు హుండీ వైపు చూశారు. నేనూ హుండీ వైపు చూశాను. ఓదెలు చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని, మా అందరివైపూ ఆప్యాయంగా చూస్తున్నాడు. మా నంబర్లు, మా పాస్‌వర్డులు, మా తల్లుల పేర్లు అన్నీ ఆ బొజ్జలో భద్రంగా ఉన్నాయి.

“మాట్లాడరేం?” అని మా ఆవిడ మోచేత్తో పొడిచింది. “మీరు లేవకపోతే నేను లేస్తాను.”

నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టాను. ముందు ఒకరు చప్పట్లు కొట్టారు. తరువాత అందరం కొట్టాం.

కొమురమ్మకు చప్పట్లు ఎందుకో అర్థం కాలేదు. “అయితే నా కొడుకేడి?” అని చుట్టూ చూసింది. పచ్చకండువాల వాలంటీర్లు ఇద్దరు వచ్చి మర్యాదగా రెక్కపట్టుకున్నారు. “పాలు ఆడనే ఉన్నయి బిడ్డా, ఒలుకుతయి, జర ఇడువుండ్రి,” అంటూనే వెళ్లింది. నాకు సిగ్గేసింది. అయినా చప్పట్లు ఆపలేదు.

టికెట్ ప్రకటించారు. కార్డు ఆగిపోయింది. మర్నాడే బాలనర్సింహగారు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. బాలనర్సింహ అనే పేరుగల, నలభై ఏడేళ్ల వయసుగల, తన ఇంట్లోనే ఉంటున్న గుర్తుతెలియని వ్యక్తి మీద.

“మనిషెట్లుంటడు?” అని అడిగారట ఎస్సైగారు.

“నా లెక్కనే ఉంటడు. జర ముసలోడు.”

ఎస్సైగారు చిత్తశుద్ధి గల మనిషి. అన్నగారి ఫొటోనే తీసుకుని, జుట్టు తెల్లగా దిద్దించి, హుస్సేనీ ఆలం దాకా గోడలకు అంటించారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందన్నట్టు, కార్డు ఆగిపోవడంతో జుట్టురంగు రావడం కూడా ఆగిపోయింది. అన్నగారి పాపిట్లో తెలుపు మొదలైంది. వారానికోసారి కేసు సంగతి చెప్పడానికి వచ్చే ఎస్సైగారు వారిని పరీక్షగా చూసి, “దగ్గరకొచ్చేసినం అన్నా. పోలిక దినదినం పెరుగుతున్నది,” అనేవారు. చివరికి ఓదెలు బేగంబజార్ వెళ్లి నగదు ఇచ్చి రంగు తెచ్చాడు. ఆన్‌లైన్‌లో కొనకపోవడమే అసలైన భద్రత అని ఆ రోజు ఫ్లెక్సీలో మరో సూత్రం చేరింది.

బాబురావుగారికి మాత్రం ఒక చిన్న సందేహం మిగిలింది. మరి మీ తల్లిగారు ఎక్కడున్నారని ఫోన్‌లో అడిగారట. నాకు ఊహ తెలియకముందే పోయింది సార్ అని అన్నగారు చెప్పారట. పెద్దవాళ్లతో అన్న మాట నిలబెట్టుకోవాలి కదా. ఎండలు ముదరగానే స్టేషన్ రోడ్డు మలుపులో తాటాకుల పందిరి వేసి చలివేంద్రం పెట్టించారు. ‘స్వర్గీయ కొమురమ్మగారి జ్ఞాపకార్థం’ అని బోర్డు రాయించి, బాబురావుగారి చేతనే ప్రారంభం చేయించారు. బోర్డు మీద ఫొటో కూడా ఉంది. కొమురమ్మకు ఇరవై ఏళ్లప్పటిది. ఆ ఫొటోలో ఆవిడ చంకన ఒక పసివాడు ఉండేవాడు. వాణ్ణి ఓదెలు కంప్యూటర్లో నీటుగా తీసేశాడు. ఫొటోకు గంధపు దండ వేశారు.

నేను అటుగా ఆఫీసుకు పోతూ, దాహం వేసి ఆగాను. నీళ్లు పోసేవాడు ధూల్‌పేట నుంచి కూలికి వచ్చిన కొత్త మనిషి. నేను తాగుతుండగానే, ఖాళీ క్యాను చంకన పెట్టుకుని కొమురమ్మ వచ్చింది. సభ తరువాత కూడా రోజూ మాకు పాలు పోస్తూనే ఉంది, కొసరుతో సహా. ఆ సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

“జర నీళ్లు పొయ్యి బిడ్డా,” అంది. “ఎవరు వెట్టిండ్రు గీ పందిరి?”

“బాలనర్సింహన్న అవ్వా. సచ్చిపోయిన వాళ్లమ్మ పేరు మీద.”

కొమురమ్మ తలెత్తి ఫొటో చూసింది. చాలాసేపు చూసింది. ఖాళీగా ఉన్న ఆ చంక దగ్గర ఆవిడ చూపు ఆగింది. నేను గ్లాసులోకి తల వంచుకున్నాను.

“మంచిగుంది పిల్ల,” అంది. “పాపం, ఎన్నేండ్లకు పోయిందంట?”

“నాకెర్క లేదవ్వా. గాయన చిన్నగున్నప్పుడే అంట.”

ఆవిడ గ్లాసెడు నీళ్లూ నిలబడి తాగింది. గ్లాసు కడిగి, బోర్లించి, మూతి తుడుచుకుని, క్యాను చంకన సర్దుకుంది.

“నీళ్లు సల్లగున్నయి బిడ్డా,” అంది. “కొడుకుంటే గిట్లుండాలె.”